సభ లేని గ్రంథాలయం

గ్రంథాలయోద్యమ చరిత్ర రాసేవారికి ఒక అలవాటు వుంది. ఏ సంవత్సరంలో ఎవరు గ్రంథాలయం పెట్టారు, ప్రారంభోత్సవానికి ఎవరు అధ్యక్షత వహించారు, ఏ జమీందారు ఎంత విరాళమిచ్చాడు, బీరువాల్లో ఎన్ని సంపుటాలు చేరాయి అనే వివరాలతోనే పుస్తకం నిండిపోతుంది. ఆ లెక్కలు అవసరమే. వాటిమీద ఆధారపడే నేనూ ఈ వ్యాసం రాస్తున్నాను. కాని అటువంటి పుస్తకం చదివి పక్కన పెట్టినప్పుడల్లా నాకొక ప్రశ్న మిగిలిపోతూ వుంటుంది. సాయంత్రం ఆరుగంటలకు ఆ హాలులో ఏం జరిగేది? ఎవరు వచ్చి బెంచీలమీద కూర్చునేవారు? ఎవరు గడప అవతలే వుండిపోయేవారు? బీరువాకు తాళం వేసిన తర్వాత కూడా దీపం ఎందుకు వెలుగుతూ వుండేది?

ఈ ప్రశ్నను హైదరాబాదు నగరాన్ని పట్టుకొని పరిశీలిస్తాను. నాకు తెలిసిన వూరు కావటం ఒక కారణం. గ్రంథాలయానికీ సభకూ వున్న సంబంధం ఈ నగరంలో కనిపించినంత స్పష్టంగా మరొకచోట కనిపించకపోవటం రెండవ కారణం. కోస్తాలో గ్రంథాలయం సభను కన్నదంటే సరిపోతుంది. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై తమ సంఘాన్ని పెట్టుకున్నారు. ఆ సమావేశం బహిరంగంగా జరిగింది, పత్రికల్లో పడింది. నైజాంలో వ్యవహారం వేరు. అక్కడ నలుగురు ఒకచోట చేరటమే సర్కారు దృష్టిలో పడే విషయం.

1901 నాటి హైదరాబాదు సంస్థానాన్ని ఒకసారి తలచుకోండి. జనాభాలో నూటికి 46 మంది తెలుగు మాట్లాడేవారు. రాజభాష ఉర్దూ. చదవటం రాయటం వచ్చినవారు, అన్ని భాషలవారినీ కలుపుకొన్నా, నూటికి ముగ్గురు. స్త్రీలను మాత్రమే తీసుకుంటే వెయ్యికి ముగ్గురు. అటువంటి దేశంలో గ్రంథాలయం ఎవరి కోసం?

సర్కారుకు అప్పటికే ఒక గ్రంథాలయం వుంది. 1891లో సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ చొరవతో వెలసిన ఆసఫియా గ్రంథాలయం అది. మన తెలుగు అభిమానులు కొందరు ఆసఫియాను గురించి పరాయి సొమ్ములాగా మాట్లాడతారు. అది పొరపాటు. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ రాతప్రతులను అంత శ్రద్ధగా పోగుచేసిన చోటు దక్కనులో అరుదు. ఆ సంపద ఈ దేశ ప్రజలందరిదీ. 1936 నుంచీ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున వున్న ఆ భవనం చూసినవాడెవడూ నగరం పుస్తకాన్ని గౌరవించలేదని అనలేడు. అయితే ఆసఫియా పండితుడి కోసం కట్టింది. పండితుడు ఒంటరిగా వస్తాడు, చదువుకుంటాడు, ఒంటరిగా వెళ్ళిపోతాడు. అతని వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

నగరంలో రెండవ రకం గ్రంథాలయాలు జనం తమంతట తాము పెట్టుకున్నవి. షాలిబండలో మరాఠీవారు 1895లోనే భారత గుణవర్ధక సంస్థను పెట్టుకున్నారు. తెలుగువారి వంతు 1901 సెప్టెంబరు 1న వచ్చింది. రామకోటులో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలయింది. వెనుక నిలబడినవారు మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు, ఆదిపూడి సోమనాథరావు మొదలైనవారు.

ఇందులో వర్గస్వభావాన్ని దాచిపెట్టవలసిన పని లేదు. డబ్బు జమీందారుది, శ్రమ వకీళ్ళదీ ఉద్యోగులదీ. పేరు ఒక చక్రవర్తిది. ఫ్యూడల్ ప్రభువు కింద బతుకుతూ మరొక ఫ్యూడల్ ప్రభువు పేరు పెట్టుకోవటంలో తమాషా వుంది. కాని ఆనాటి మధ్యతరగతి తెలుగువాడికి ఆ పేరు ఆత్మగౌరవ చిహ్నం. దర్బారు ఉర్దూ ముందు తన భాష కూడా ఒకనాడు దర్బారులో కూర్చున్నదని చెప్పుకోవటానికి ఆధారం. ఈ సంగతిని అర్థం చేసుకోకుండా కేవలం పెదవి విరిస్తే చరిత్ర మనకేమీ చెప్పదు.

సుల్తాన్ బజారులో సొంత భవనం అమరేదాకా భాషానిలయం సర్దుబాట్లతోనే కాలం గడిపింది. ఒక యింటి హాలులో పెట్టిన గ్రంథాలయంలో చదువరి ఒంటరిగా వుండలేడు. పక్కవాడు పత్రిక మడిచేలోగా వార్త గురించి మాట పడుతుంది. మాటకు మాట పెరుగుతుంది. పదిమంది చేరితే ఉపన్యాసమవుతుంది. నా అభిప్రాయంలో మన పౌరగ్రంథాలయాల సభాజీవితం ఎవరో పథకం వేసి పెట్టింది కాదు. ఇరుకు గదుల వల్ల పుట్టింది.

ఆ సంభాషణల నుంచే 1906లో విజ్ఞానచంద్రికా మండలి వచ్చింది. తెలుగులో చరిత్రా శాస్త్రమూ చెప్పే పుస్తకాలు లేవని గ్రంథాలయం పెట్టినవారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? బీరువాలో ఖాళీ అరను రోజూ చూసేవారు వారే కదా! మండలి ప్రచురించిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. జాగీర్లలో, దేశ్‌ముఖుల గడీల్లో వెట్టి నడుస్తున్న సంస్థానపు రాజధానిలో, బానిసత్వాన్ని రద్దుచేసిన మనిషి కథతో ఒక గ్రంథమాల ప్రారంభం కావటం యాదృచ్ఛికమని నేననుకోను. ఆ పుస్తకాన్ని కొన్న వకీలుగారింట్లో వెట్టివాడు నీళ్ళు మోస్తూనే వుండవచ్చు. అదీ నిజమే.

హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, సికింద్రాబాదులో 1905లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం ఇదే దారిన వచ్చాయి. వీటి వివరాల జోలికి ఇక్కడ పోను.

ఇరవై సంవత్సరాలు ఇలా గడిచిన తర్వాత 1921 నవంబరులో ఒక సంఘటన జరిగింది. దాన్ని మన పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి గాని దాని అర్థాన్ని పూర్తిగా పిండుకోవు. వివేకవర్ధినీ థియేటరులో సంఘసంస్కార మహాసభ. అధ్యక్షులు మహర్షి కర్వే. ఇంగ్లీషులో, మరాఠీలో, ఉర్దూలో ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల లేచింది, చప్పట్లు చరిచి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొద్దిమంది టేకుమాల రంగారావు ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. ఇదంతా అందరికీ తెలుసు. నేను గమనించమనేది ఒక్క విషయం. ఆ సంఘం పెట్టుకున్న కార్యక్రమంలో ముందువరుసలో వున్నవి గ్రంథాలయాలు, పఠనాలయాలు, పాఠశాలలు. సభలో అవమానం జరిగితే గ్రంథాలయం పెడతామనటమేమిటి? సమాధానం సులభమే. ఇంకొకరి సభలో మనకు చోటు లేదు. మన సభ జరగాలంటే మన గది వుండాలి. ఆ గదికి సర్కారు ఒప్పుకోగల పేరు గ్రంథాలయం.

సర్కారు మాత్రం అంత అమాయకమైనదేమీ కాదు. గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు వుండేది. బహిరంగ సభ జరపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఎవరు మాట్లాడతారు, ఏ విషయం, రాజకీయాలు రావని పూచీ ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబులు దాఖలు చేయాలి. మాడపాటి హనుమంతరావు రాసిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ చదివినవారికి ఈ అర్జీల బాధ ఎంతటిదో తెలుస్తుంది. ఒక్క పఠనాలయం పెట్టుకోవటానికే అధికారులకు సంజాయిషీలు చెప్పుకోవలసిన రోజులు అవి. పత్రికలు తెప్పిస్తే ఏ పత్రికలు, చందాదారులు ఎవరు, చర్చలు జరుగుతాయా అని ఆరా.

ఇటువంటి స్థితిలో ఉద్యమకారులు ఒక పద్ధతి కనిపెట్టారు. రాజకీయ సభకు అనుమతి రాదు. కవి జయంతికి అడిగి చూడవచ్చు. గ్రంథాలయ వార్షికోత్సవానికి అడిగి చూడవచ్చు. ఆంధ్ర జనసంఘం గ్రంథాలయ మహాసభలనే పేరుతో వేర్వేరు వూళ్ళలో సభలు జరిపిందంటే దాని వెనుక ఈ తెలివితేటలున్నాయి. ఆ సభల్లో పద్యాలు చదివారు, సరస్వతీ స్తోత్రాలు చేశారు, ప్రభువును దీవించారు. ప్రభువును దీవించారని ఇవాళ మనం వారిని తప్పుపట్టటం తేలిక. తీర్మానాలను కూడా చదవండి, ప్రాథమిక విద్య మాతృభాషలో వుండాలనే కోరిక అక్కడ కనబడుతుంది. సాంస్కృతిక కార్యక్రమం అనే మాటకు ఆనాడు వున్న బరువు అది.

సుల్తాన్ బజారు గురించి ఒక మాట చెప్పాలి. 1933 వరకూ ఆ ప్రాంతం రెసిడెన్సీ బజార్ల కింద, అంటే బ్రిటిషు రెసిడెంటు అధికారంలో వుండేది. అంటే నైజాం ఉత్తర్వుకూ రెసిడెన్సీ ఉత్తర్వుకూ మధ్య ఒక సందు వుండేదన్నమాట. నగరంలో తెలుగువారి, మరాఠీవారి ప్రజాసంస్థలు ఆ చుట్టుపక్కలే గుమిగూడటానికి వకీళ్ళ ఇళ్ళూ వర్తకుల కొట్లూ అక్కడ వుండటం ఒక కారణం. ఆ సందు రెండవ కారణమని నా వూహ. సామ్రాజ్యవాదం మనకేదో మేలు చేసిందని దీని అర్థం కాదు. ఇద్దరు యజమానులున్న చోట నౌకరు ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకున్నాడు, అంతే.

మాడపాటి, బూర్గుల రామకృష్ణారావు, సురవరం ప్రతాపరెడ్డి వంటివారు తిరిగిన హాలు అది. 1926లో సురవరం గోలకొండ పత్రికను మొదలుపెట్టాడు. తెలంగాణంలో కవులు పూజ్యమని ఒక పెద్దమనిషి రాస్తే, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను తెచ్చి చూపించాడు. అంతమంది కవుల ఆచూకీ ఆయనకు ఎలా దొరికింది? పత్రికకున్న చందాదారులు, గ్రంథాలయాల కార్యదర్శులు, పల్లెటూరి ఉపాధ్యాయులు, వీరందరితో అల్లుకున్న సంబంధాలు వుండబట్టే కదా! ఆ సంచిక సంపాదకుడి పుస్తకం ఎంతో, ఈ సమావేశాల పుస్తకం కూడా అంతే.

ఇంతవరకూ చెప్పింది గౌరవంగానే చెప్పాను. ఇక గడప అవతల వున్నవారి సంగతి.

భాషానిలయానికి అయిదేళ్ళ తర్వాత, విజ్ఞానచంద్రికా మండలి పుట్టిన ఆ 1906వ సంవత్సరంలోనే, అదే నగరంలో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలిని స్థాపించాడు. హరికథలు, భజనలు పెట్టి అంటరానివాడల్లో జనాన్ని కూడగట్టాడు. తర్వాత బడులు పెట్టాడు. మద్యపానానికీ జోగిని ఆచారానికీ వ్యతిరేకంగా పనిచేశాడు. నూటికి ముగ్గురు చదవగలిగిన దేశంలో మిగిలిన 97 మందికి చేరువైన సాంస్కృతిక కార్యక్రమం ఏది? బెంచీమీద కూర్చుని పత్రిక చదవటమా, వీధిలో నిలబడి హరికథ వినటమా? ఒకే నగరంలో, ఒకే సంవత్సరంలో మొదలైన ఈ రెండు ప్రయత్నాలను గ్రంథాలయ చరిత్రకారులు ఒకే అధ్యాయంలో పెట్టరు. పుస్తకం చేతిలో లేదు గనక అది గ్రంథాలయోద్యమం కాదని వారి వుద్దేశం కాబోలు. అక్షరానికి వెలుపల వుంచబడినవారికి భాగ్యరెడ్డివర్మ చేసిన పనే గ్రంథాలయం చేసే పని అని నేనంటాను.

స్త్రీల విషయమూ అంతే. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దానితోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ విడిగా జరిగింది. విడిగా జరగటంలో లోపమూ వుంది, ముందడుగూ వుంది. అంతకు రెండేళ్ళ ముందే మాడపాటి బాలికల పాఠశాల నగరంలో మొదలయింది. పఠనాలయపు బెంచీమీద మగవాడి పక్కన ఆడపిల్ల కూర్చోవటానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది.

ఈ గడపను లోపలినుంచీ బయటినుంచీ కూడా ఎరిగినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నకిరేకల్లు ప్రాంతంలోని చెరువుమాదారంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఉపాధ్యాయుడికి వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. హోటల్లో సర్వరుగా పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, వేసిన పుస్తకాలను సంచిలో పెట్టుకొని వూరూరా తానే మోసుకుపోయి అమ్మాడు. ప్రూఫులు దిద్దే వ్యక్తి ప్రచురణకర్త అయ్యాడు, ఆయనే తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాశాడు. జమీందారు విరాళంతో మొదలైన కథ వంటవాడి సంచిదాకా వచ్చింది. 37 ఏళ్ళు పట్టింది. గ్రంథాలయం జనం దగ్గరకు పోవటం అంటే మనం ఏవేవో పెద్దమాటలు చెబుతాం; ఆయన కాళ్ళతో చేసి చూపించాడు. కమ్యూనిస్టు అయ్యాడు, జైళ్ళు చూశాడు, 1961లో నలభైఅయిదేళ్ళకే పోయాడు.

నలభైలలో నగరం వేడెక్కింది. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ రైతాంగం వైపు తిరిగింది. నగరంలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్‌బహదూర్ గౌర్ మొదలైన యువకులు కామ్రేడ్స్ అసోసియేషన్‌లో చేరి చదువుకున్నారు, వాదించుకున్నారు. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితలు సమావేశమయిన సంవత్సరంలోనే, హైదరాబాదు రెడ్డి హాస్టలులో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. 1945లో ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ హైదరాబాదులో జరిగింది. క్రిషన్ చందర్ ఆ ప్రయాణాన్ని గురించి రాసిన ‘పౌదే’ అనే రచన చదివితే ఆ రోజుల నగరం కళ్ళకు కడుతుంది.

తెలుగు సభా ఉర్దూ సభా ఎంత దగ్గరగా జరిగినా, గ్రంథాలయాలు మాత్రం భాషలవారీగానే మిగిలాయి. తెలుగువారిది తెలుగు హాలు, మరాఠీవారిది మరాఠీ హాలు, ఉర్దూవారిది ఉర్దూ హాలు. కలిసి కూర్చున్నది ఆబిడ్సులో ఓరియంట్ హోటల్ వంటిచోట, చాయ్ బల్లల చుట్టూ. మన గ్రంథాలయాలు చేయలేకపోయిన పనిని ఒక హోటలు చేసిందని ఒప్పుకోవటానికి నాకేమీ సిగ్గు లేదు.

తర్వాత 1948 వచ్చింది. నైజాం పోయాడు. గస్తీ నిషాన్లు పోయాయి. గ్రంథాలయాలకు చట్టాలు వచ్చాయి. స్వతంత్ర భారతదేశంలో మొదటిది మద్రాసు రాష్ట్రపు 1948 చట్టం. హైదరాబాదు రాష్ట్రం 1955లో తన చట్టం చేసుకుంది. ఆసఫియా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమయింది. రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలుచేసి ఆ డబ్బుతో నగరానికీ జిల్లాలకూ గ్రంథాలయ సంస్థలు నడపాలన్నది ఏర్పాటు. సెస్సు రూపాయికి 8 పైసలకు చేరింది. ఇది ఎంత గొప్ప ప్రజాస్వామిక భావం! జమీందారు దయాధర్మం మీద బతికిన గ్రంథాలయం ప్రతి ఇంటివాడి హక్కు అయింది. బీదవాడు చందా కట్టకుండా వచ్చి కూర్చోవచ్చు. దీన్ని నేను తక్కువ చేయను. నేను చదువుకున్నది ఆ 8 పైసలతోనే.

డెబ్బైలలో కాలేజీ చదువు కోసం పల్లెనుంచి వచ్చినప్పుడు నా గదిలో దీపం లేదు. నగరంలో ఒక శాఖా గ్రంథాలయంలో దీపం వుంది, ఫాను వుంది. అక్కడ ఒక రిటైరయిన గుమాస్తా రోజూ సాయంత్రం మెట్లమీద కూర్చుని పత్రిక పైకి చదివేవాడు. పక్క కట్టెలకొట్టు కూలీలు ముగ్గురు నలుగురు బీడీలు కాలుస్తూ వినేవారు. ‘ఆ పేరాగ్రాఫు మళ్ళీ ఒకసారి చదవండి పంతులుగారూ’ అనేవారు. ధరల సంగతి వచ్చినప్పుడు వారి వ్యాఖ్యానం పత్రిక సంపాదకీయం కంటే బాగుండేది. లోపల ‘నిశ్శబ్దం పాటించండి’ అనే బోర్డు వుంది గనక ఆ పఠనం మెట్లమీద జరిగేది. ఆ బోర్డును గురించి నేను చాలాసార్లు ఆలోచించాను.

చట్టం వచ్చాక సభకు పట్టిన గతి ఆ బోర్డులోనే వుంది. పుస్తకాల కొనుగోలుకు పద్దు వుంది, జీతాలకు పద్దు వుంది. సభ్యులు ఎన్నుకున్న కార్యవర్గం స్థానంలో ప్రభుత్వం నామినేట్ చేసే అధ్యక్షుడు వచ్చాడు. సభ అనేది సంవత్సరానికి ఒకసారి, నవంబరు 14 నుంచి 20 వరకూ వారోత్సవాల్లో కుదించుకుపోయింది. వక్తృత్వపు పోటీ, వ్యాసరచన, ముగ్గుల పోటీ, బహుమతి ప్రదానం. పిల్లలకు అది సంతోషమే, కాదనను. మిగిలిన 51 వారాలూ హాలు తాళం వేసి వుంటుంది, లేక పాత పత్రికల కట్టలతో నిండి వుంటుంది. పైగా పురపాలకులు వసూలుచేసిన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరటం లేదన్న ఫిర్యాదు ఏళ్ళతరబడి వింటున్నదే.

సుమారు ఇరవై ఏళ్ళ కింద మేము కొద్దిమంది మిత్రులం ఒక గ్రంథాలయంలో ఆళ్వారుస్వామిమీద సభ పెట్టుకుందామని హాలు అడిగాం. గ్రంథపాలకుడు మంచివాడు, పుస్తకప్రియుడు. ‘మాట్లాడేవారి పేర్లూ విషయమూ రాసివ్వండి సార్, పైకి పంపిస్తాను. రాజకీయాలు రాకుండా చూసుకోండి’ అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు, చెప్పలేదు కూడా. నైజాం కాలంతో దీన్ని పోల్చటం అన్యాయం. మమ్మల్ని ఎవరూ జైల్లో పెట్టబోవటం లేదు. జవాబు మాత్రం రాలేదు. సభను ఒక మిత్రుడి మేడమీద జరుపుకున్నాం, పాతికమంది వచ్చారు. అంటే మళ్ళీ రావిచెట్టువారి ఇంటికే చేరుకున్నామన్నమాట!

ఇవాళ నగర గ్రంథాలయం అనగానే అందరికీ గుర్తొచ్చేది చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. దాన్ని గురించి మా తరంవారు ఒక నిట్టూర్పు విడుస్తారు: ‘అది గ్రంథాలయమా? ఉద్యోగ పరీక్షలకు చదువుకునే షెడ్డు!’ నేనూ కొంతకాలం అలాగే అన్నాను. తెల్లవారకముందే వచ్చి కుర్చీ పట్టుకోవటం, సొంత పుస్తకాలు, జిరాక్సు కాగితాలు, కోచింగు సెంటర్ల నోట్సు, మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం, మళ్ళీ రాత్రిదాకా చదువు. బీరువాల్లో పుస్తకాన్ని ముట్టుకునేవారు తక్కువ. ఆ దగ్గరలోనే వున్న త్యాగరాయ గానసభలో సాయంత్రం కాగానే పుస్తకావిష్కరణలు, సన్మానాలు, సంగీతం. మైకు పట్టుకున్నవారి సగటు వయస్సు అరవై దాటుతుంది. ఇక్కడ కుర్చీలమీద వున్నవారి వయస్సు ఇరవైఅయిదు. ఆ రెండు జనాలు ఒకరినొకరు చూసుకోరు.

తర్వాత తర్వాత అక్కడికి తరచుగా పోయి కూర్చోవటంతో నా అభిప్రాయం మారింది. ఈ పిల్లలు పుస్తకం కోసం రావటం లేదన్న మాట నిజమే. మరి దేనికోసం వస్తున్నారు? అశోక్‌నగర్ హాస్టలు గదుల్లో నలుగురైదుగురు ఇరుక్కుని వుంటారు. అక్కడ వెలుతురు లేదు, పైగా మనసు నిలవదు. పక్కన మరొకడు చదువుతూ వుంటే తానూ చదవగలడు. ఏళ్ళతరబడి నోటిఫికేషన్ రాకపోతే, వచ్చిన పరీక్ష రద్దయితే, ఆ దుఃఖం చెప్పుకోవటానికి అదే దుఃఖం వున్న మనిషి అక్కడ దొరుకుతాడు. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, ఆదిలాబాదు నుంచి వచ్చిన రైతు బిడ్డలు, దళితుల బిడ్డలు, గిరిజనుల బిడ్డలు. ఆడపిల్లలు బారులు తీరి కూర్చుంటారు. 1901లో గడప అవతల వున్నవారు వీరే కదా! హాలులోకి వచ్చారు. వచ్చేసరికి సభ లేదు.

సభ లేకపోతే వారు వూరుకున్నారా? 2023లో, 2024లో పరీక్షల వాయిదాల గురించి, పోస్టుల గురించి చిక్కడపల్లి, అశోక్‌నగర్ రోడ్లమీదికి వచ్చినది ఈ చదువరులే. గ్రంథాలయం దగ్గర పోలీసుల కాపలా పడింది. ఎన్నికల ముందు అన్ని పార్టీలవారికీ ఆ మెట్లు గుర్తొచ్చాయి. వారి డిమాండ్లన్నీ సరైనవేనా అనేది వేరే చర్చ. ఉద్యోగాల సంఖ్య చుట్టూనే తిరిగే ఉద్యమానికి పరిమితులున్నాయి, అవి వారికీ తెలుసు. ఒక గ్రంథాలయంలో జనం పోగవటాన్ని చూసి పాలకులు మళ్ళీ ఉలిక్కిపడ్డారన్నది మాత్రం నమోదు చేయవలసిన సంగతి.

మొన్న ఒక సాయంత్రం అక్కడ చెట్టుకింద అయిదారుగురు కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలడుగుకుంటున్నారు. తెలంగాణ ఉద్యమ చరిత్ర వారికి ఒక పరీక్షాంశం. ఒకమ్మాయి నోటుపుస్తకం చూసి అడుగుతోంది: ‘గస్తీ నిషాన్ తిరపన్ దేనికి సంబంధించింది? ఎ, పన్నులు. బి, సభలు. సి, అడవులు. డి, నాణేలు.’ ఒకడు ‘బి’ అన్నాడు, మార్కు పడింది. తర్వాతి ప్రశ్న ఆంధ్ర జనసంఘం. ఆ తర్వాతిది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపన సంవత్సరం. అందరూ ఒక్కగొంతుతో చెప్పారు. పంతులు బుద్ధి గనక నేను ఆగలేక దగ్గరకు పోయాను. రామకోటు ఇంటి సంగతి, ఆలంపల్లివారి అవమానం, ఆళ్వారుస్వామి సంచి, తోచిన క్రమంలో చెప్పుకుపోయాను. ముందు మర్యాదకు విన్నారు, తర్వాత ప్రశ్నలు వేశారు. పక్క గుంపులోంచి ఇద్దరు వచ్చి నిలబడ్డారు. వాచ్‌మన్ కూడా వచ్చి ఒక నిమిషం చూసి వెళ్ళిపోయాడు.

‘ఆ భాషానిలయం ఇంకా వుందా సార్?’ అని అడిగింది ఆ అమ్మాయి.

వుందన్నాను. సుల్తాన్ బజారు, ఇక్కడినుంచి బస్సులో అరగంట కూడా పట్టదు.

‘అది పరీక్షలో రాదులే’ అని పక్కవాడు నవ్వాడు. ఆమె నోటుపుస్తకం అంచున చిరునామా రాసుకొని, అక్కడ సభలు ఏ వారం జరుగుతాయో చెప్పమంది.